సౌండ్ కార్డ్ బిజీ

"ప్రొఫెసర్ వేణుగోపాలరావు మధ్యాహ్నం హోటల్ నుంచి కాన్ఫరెన్స్‌కి బయలుదేరతాడు. ప్రాణాలతో అక్కడికి చేరకూడదని సరాబ్ ముఠా నిర్ణయించింది." చీఫ్ ఖుత్బుద్దీన్ గొంతు ఫోన్లో పొడిగా వినిపించింది. "బాంబా, బుల్లెట్టా తెలియదు. కార్లో మైక్ పెట్టావుగా?"

"ఎయిర్ ఫ్రెషనర్ సీసాలో ఉంది సర్," అన్నాడు ఏజెంట్ సిద్ధార్థ్.

"డ్రైవర్?"

"లింబాద్రి. జగిత్యాల దగ్గర పల్లె. మనవాడే."

"అతనికి ఏం చెప్పావ్?"

సిద్ధార్థ్ గొంతు సవరించుకున్నాడు. "కంపెనీ చెకింగ్ అని చెప్పాను."

"గుడ్. తెలియకపోతే భయపడడు." లైన్ కట్టయింది.

దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఆ ఫ్లాట్ కింద కంప్యూటర్ రిపేర్ల బోర్డు ఉంటుంది. పైన సిద్ధార్థ్ స్థావరం. 'సార్ చెప్పిండంటే సరే' అంటూ పొద్దున ఆ సీసాని రెండు చేతులతో అందుకున్న లింబాద్రి ముఖం అతనికి గుర్తొచ్చింది. తల విదిలించి లినక్స్ డెస్క్‌టాప్ ముందు కూర్చున్నాడు. రిసీవర్ ప్రోగ్రామ్ నొక్కాడు.

తెర మీద ఎర్రని అక్షరాలు. డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ.

మళ్ళీ నొక్కాడు. అదే ఎరుపు. సౌండ్ కార్డ్‌ని వేరే ప్రోగ్రామ్ ఏదో గుప్పిట్లో పెట్టుకుంది. అది వదిలితే తప్ప కార్లో మాట ఒక్కటీ వినపడదు.

"ఏమైంది?" కిటికీ దగ్గర నుంచి తియ్యటి గొంతు.

శ్రీలేఖ. ముత్యపు రంగు పట్టు గౌను, చేతిలో ఫోన్. సరాబ్ ముఠాకి దుబాసీ. ఆ ముఠా రహస్యాలని సిద్ధార్థ్‌కి చేరవేసే డబుల్ ఏజెంట్.

"సౌండ్ రావడం లేదు."

"ఇంకెక్కడ వస్తుంది? పొద్దున్నే చెప్పాను కదా, మీ లింబాద్రి అమ్ముడుపోయాడని. వెళ్తూ వెళ్తూ ఏదో కెలికేసి ఉంటాడు. ఆ డబ్బాని వదిలేసి అల్ సద్ వెళ్దాం పద. వాళ్ళ మీటింగ్ అక్కడే."

సిద్ధార్థ్ ఆమె మాట నమ్మే ఈ ఉదయం లింబాద్రి కారు వెనక ఉన్న రక్షణ బండిని వెనక్కి పిలిచాడు. ద్రోహికి కాపలా ఎందుకు, మైక్‌లో వింటే చాలనుకున్నాడు. సాక్ష్యం అడగలేదు. చీఫ్‌కీ చెప్పలేదు. ఆమె టీ కావాలంటే ఒక్కదాన్నే ఫ్లాట్‌లో వదిలి కిందికి వెళ్ళి కరక్ చాయ్ కూడా తెచ్చిచ్చాడు.

టెర్మినల్ తెరిచాడు. సౌండ్ కార్డ్‌ని ఎవరు పట్టుకున్నారో చెప్పే కమాండ్ కొట్టాడు. జవాబు ఒకే వరుస. ప్రోగ్రామ్, బ్రౌజర్. యూజర్, లింబాద్రి.

"చూశావా?" వెనక నుంచి తొంగి చూసింది శ్రీలేఖ. "ఇక్కడి మాటలన్నీ వాళ్ళకి పంపుతున్నాడు."

ఈ కంప్యూటర్లో లింబాద్రికి అకౌంట్ తెరిచిందీ, ఇంటికి మాట్లాడుకోవడానికి సౌండ్ కార్డ్ వాడుకునే ఆడియో గ్రూపులో చేర్చిందీ సిద్ధార్థే. మిషన్ రోజున సొంత ఫోన్ ఉండకూడదని పొద్దున అతని ఫోన్ తీసుకుని సొరుగులో పడేశాడు. 'మరి మా సాయవ్వతోని ఎట్ల మాట్లాడాలె సారూ?' అంటే డెస్క్‌టాప్ చూపించాడు. మాట్లాడాక లింబాద్రి లాగౌట్ చేయలేదు. సిద్ధార్థ్ కూడా చూడలేదు. యూజర్ మార్చి తన పనిలో పడ్డాడు. అప్పటి నుంచి ఆ రెండో సెషన్ తెర వెనక నడుస్తూనే ఉంది.

ఆ బ్రౌజర్‌ని ఆపేసే కిల్ కమాండ్ టైప్ చేశాడు. ఎంటర్ మీద వేలు పెట్టాడు.

నొక్కలేదు. ద్రోహే అయితే ఎవరితో మాట్లాడుతున్నాడో వినాలి. శ్రీలేఖ కిటికీ వైపు తిరగ్గానే లింబాద్రి సెషన్‌లోకి మారాడు. బల్ల మీది హెడ్‌ఫోన్స్ చెవులకి తగిలించుకున్నాడు.

కచ్. కచ్. కచ్.

టైమరా? మరుక్షణం అర్థమైంది. కత్తెర. బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు. దాని వెనక ఎక్కడో కోడి కూసింది. ఆ చప్పుడు ఠక్కున ఆగింది.

"అక్కడ ఎవలన్న ఉన్నరా? ఓ సారూ! గప్పటిసంది ఒర్లుతున్న, ఒక్కలు పలుకరైతిరి."

సిద్ధార్థ్ మైక్‌కి దగ్గరగా వంగి, పెదవులు కదిలీ కదలకుండా గుసగుసలాడాడు. "ఎవరమ్మా?"

"నేను సాయవ్వను. లింబాద్రి ఇంటామెను. మేము కాల్ కట్ చెయ్యం సారూ. ఆయన డ్యూటీకి పోయినా గట్లనే ఉంచుతం, నెట్ పోతేనే పోవాలె. మీ ఇంట్ల ఎవలో ఆడామె ఫోన్ల హిందీల మాట్లాడింది, నాకు సమజైతది. మా ఆయన పేరు తీసింది, గందుకే చెవు పెట్టిన. ఖర్జూరపండ్ల డబ్బా బండిల పెట్టిచ్చిందట. పెద్దసార్ బండెక్కంగనే మీ ఇంట్లకెల్లే ఫోన్ నొక్కుతదట. డ్రైవర్ గూడ మిగలడు అని నవ్వింది. ఆయన ఫోన్‌కు చేస్తే బంద్ వస్తుంది. దుబాయ్ పోలీసులకు చెప్పుండ్రి సారూ!"

దోహా అని సరిదిద్దే తీరిక లేదు. బంద్ చేసిన ఫోన్ మోకాలి పక్కన సొరుగులో ఉంది. పొద్దున్నించీ ఈమె అరుపులు ఖాళీ హెడ్‌ఫోన్స్‌లో పడి ఆరిపోయాయి. కాపలా తీసేసింది తనే. డబ్బాని బండిలోకి నడిపించినంత పని చేశాడు.

"మా ఆయన పైలంగున్నడా సారూ? మీరు మంచోళ్ళని చెప్తడు."

"బాగున్నాడమ్మా," అన్నాడు. ఈ కుటుంబానికి తను చెప్పిన రెండో అబద్ధం అది. దాన్ని నిజం చేయాలి.

శ్రీలేఖ ఫోన్ టింగుమంది. ఆమె తెర చూసి చిన్నగా నవ్వింది. ప్రొఫెసర్ కారెక్కాడని హోటల్ గుమ్మం దగ్గరున్న ముఠా మనిషి పంపిన కబురని అర్థం కావడానికి ఆ నవ్వు చాలు.

"ఒక్క నిమిషం. చిన్న కాల్ చేసుకోవాలి," అంటూ బొటనవేలు ఎత్తింది.

సిద్ధార్థ్ జేబులోని పెన్ను క్లిక్‌మంది.

ఆమె వేలు తెర మీద దిగింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ.

"సిగ్నల్ మాఫీ," అన్నాడు సిద్ధార్థ్. గల్ఫ్ అరబ్బీలో మాఫీ అంటే లేదని. జేబులోది ఒక గదికి సరిపడే జామర్ పెన్ను. కేబుల్ మీద నడిచే డెస్క్‌టాప్‌కి దాంతో ఇబ్బంది లేదు.

శ్రీలేఖ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి దూరింది. అది పిస్టల్‌తో బయటికి రాకముందే మణికట్టు అతని గుప్పిట్లో ఉంది. పిస్టల్ సోఫా కిందికి జారింది. పాత స్పీకర్ వైరుతో ఆమెని కుర్చీకి కట్టేశాడు. ఫోన్ బ్యాటరీ ఊడదీశాడు.

"ఒక డ్రైవర్ కోసమా ఇంత ఆవేశం?" అంది ఆమె. "వాణ్ణి నేను అమ్మలేదు సిద్ధార్థ్. నువ్వే నాకు ఉత్తపుణ్యానికి ఇచ్చేశావ్."

సిద్ధార్థ్ కీబోర్డు వైపు తిరిగి ఖుత్బుద్దీన్‌కి టైప్ చేశాడు. 'కారు ఆపించండి. ఖర్జూరాల డబ్బా బాంబు. డ్రైవర్ నిర్దోషి. పొరపాటు నాది.' చివరి రెండు మాటలు చెరిపేద్దామనుకున్నాడు. చెరపకుండానే పంపాడు.

పోలీసులు హోటల్ గేటు దగ్గరే కారుని నిలిపేశారు. డబ్బాని నిర్వీర్యం చేశారు. ప్రొఫెసర్ ఇంకో కారెక్కి కాన్ఫరెన్స్‌కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం లింబాద్రి ఫ్లాట్‌కి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, తలవంచుకుని నిలబడ్డాడు.

"తప్పయింది సారూ. కాల్ కట్ చెయ్యకపోతి. మీ మిషన్ బిజీ అయిందట గదా."

సిద్ధార్థ్ నోరు తెరిచాడు. కంపెనీ చెకింగ్ అబద్ధమని, కాపలా తీసేసింది తనేనని, పొద్దున్నించీ అతన్ని ద్రోహి అనుకున్నానని చెప్పాలి. సొరుగులోంచి ఫోన్ తీసి అతని చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా అన్నీ చెప్పాడు.

లింబాద్రి ఫోన్‌ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"గీ ముచ్చట మా సాయవ్వకు చెప్పకుండ్రి సారూ," అన్నాడు చివరికి. "మీరు మంచోళ్ళని చెప్పిన ఆమెకు."

బల్ల మీది హెడ్‌ఫోన్స్‌లో అప్పటిదాకా ఆగి ఉన్న కత్తెర మళ్ళీ మొదలైంది. లింబాద్రి గబగబా వెళ్ళి వాటిని తగిలించుకున్నాడు.

మర్నాడు ఖుత్బుద్దీన్ నుంచి మెసేజ్ వచ్చింది. 'ఆ సౌండ్ కార్డ్ సమస్య పరిష్కారమైందా?'

'కారణం దొరికింది సర్,' అని జవాబిచ్చాడు సిద్ధార్థ్. 'పరిష్కరించే ఉద్దేశం లేదు. ఇంకో కార్డ్ పంపండి.'