వెనక్కి చూసిన కొంగ

నారే వంటింట్లోకి వచ్చేసరికి తల్లి మల్‌సున్ అప్పటికే ఆల్చిప్పల చారు కాచి, అరలన్నీ తీసి వెతుకుతోంది.

"ఈ ఇంట్లో ఉప్పు ఎక్కడుందో కనుక్కోవడానికే సగం రోజు పోతుందే."

"నీ ఎదురుగానే ఉందమ్మా, తెల్ల డబ్బాలో."

"తెల్ల డబ్బాలు ఆరున్నాయి. అన్నీ ముద్దుగానే ఉన్నాయి, ఒక్కదాని మీదా పేరు లేదు."

నారే నవ్వింది. తల్లి పాత ఇల్లు ఖాళీ చేసి, కూతురి ఫ్లాటుకి వచ్చి పదిహేను రోజులైంది. కిటికీలోంచి తొంగ్‌యంగ్ రేవూ, దీవులకి వెళ్ళే పడవలూ కనిపిస్తాయి. ఆ ఒక్క విషయంలోనే మల్‌సున్ ఈ ఇంటికి వంక పెట్టలేదు.

"మళ్ళీ కిందికేనా? ఆదివారం కూడా?" అంది అన్నం వడ్డిస్తూ. "సియోల్‌లో చక్కటి ఉద్యోగం వదిలేసి, ఊళ్ళోవాళ్ళు పారేసిన బీరువాలు కోసుకుంటూ కూర్చున్నావు. ఆ చేతులు చూడు. ఆడపిల్ల చేతులేనా అవి?"

ఈ మాట కొత్తది కాదు. కింది అంతస్తులో నారేకి చిన్న పనిశాల ఉంది. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ గర్వంగా నిలబడ్డ ముత్యపుచిప్ప బీరువాలు ఇప్పుడు ఫ్లాటుల్లో పట్టక వీధిన పడుతున్నాయి. వాటిని తెచ్చి, నల్ల లక్క పూత మీద పొదిగిన పువ్వులూ, పక్షులూ చెడకుండా కోసి, అద్దాలకి చట్రాలుగా, గోడ దీపాలుగా, పళ్ళేలుగా మారుస్తుంది. అమ్మే ప్రతి వస్తువు వెనకా ఒక చీటీ అంటిస్తుంది: ఈ బీరువా ఎవరింట్లో ఉండేది, ఎవరు చేశారు అని. మొదటి ప్రశ్నకి అందరూ జవాబు చెబుతారు. రెండోదానికి చాలామంది తల అడ్డంగా ఊపుతారు. అయినా నారే అడగడం మానదు.

తల్లి బీరువా కూడా లిఫ్టులో పట్టక పనిశాలలోనే ఆగిపోయింది. "ఏం చెయ్యమంటావమ్మా?" అంటే, "నీ ఇష్టం. నాకెందుకది?" అంది మల్‌సున్, ముఖం తిప్పుకుని. అందుకే నారే ఒక ఆలోచన చేసింది. వచ్చే వారం తల్లికి డెబ్బై నిండుతాయి. ఆ బీరువా తలుపుల్లోంచే ఒక అద్దం, ఒక దీపం చేసి ఆవిడ గదిలో పెట్టాలని.

కిందికి వెళ్ళి ఎడమ తలుపు ఊడదీసి బల్ల మీద పరిచింది. తొమ్మిది కొంగలు ఎగురుతున్నాయి. ఎనిమిది ముందుకి చూస్తున్నాయి. ఒక్కటి మాత్రం మెడ వెనక్కి తిప్పింది. అలాంటి కొంగని నారే ఎక్కడా చూడలేదు. పది రోజులుగా ఫొటో పట్టుకుని ఊళ్ళో పాత పనివాళ్ళందర్నీ అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరు చేశారిది? ఎందుకలా తిప్పారు? భూతద్దంలో ఆ మెడనే చూస్తూ ఉండిపోయింది. చివరికి, అద్దం గుండ్రంగా రావాలని తెల్ల పెన్సిలుతో గీత గీసి, రంపం అందుకుంది.

"ఫోన్ పైనే మర్చిపోయావు. మీ అన్నయ్య..." అంటూ లోపలికొచ్చింది మల్‌సున్. ఆవిడ పనిశాలలో అడుగు పెట్టడం అదే మొదలు. బల్ల మీది తలుపు చూసింది. గీత చూసింది. చేతిలోని ఫోన్ అక్కడే పడేసి వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది.

"తియ్యి! తియ్యి ఆ రంపం!"

"అమ్మా, నీ కోసమే... నీ ఇష్టం అన్నావు కదా!"

"ఇష్టమంటే కాళ్ళు నరికెయ్యమన్నానా? ఆ గీత ఎక్కణ్ణుంచి పోతోందో చూశావా? రెండు కొంగల కాళ్ళ మీంచి! ఒక్కో కాలు కొయ్యడానికి ఎన్ని రంపపు తీగలు తెగాయో, ఎన్నిసార్లు చిప్ప విరిగిందో నీకేం తెలుసు? మోకాలి దగ్గర ఊపిరి బిగబట్టాలి, లేదంటే..."

మల్‌సున్ చటుక్కున కూతురి మణికట్టు వదిలేసింది.

నారే రంపం కింద పెట్టింది. "నీకెలా తెలుసమ్మా?"

"ఏదో అన్నాను. పైన గిన్నెలు అలాగే ఉన్నాయి, వెళ్తాను."

"అమ్మా, నీకెలా తెలుసు?"

మల్‌సున్ స్టూలు లాక్కుని కూర్చుంది.

"పదిహేనేళ్ళప్పుడు వెళ్ళాను. మా వీధి చివరున్న బీరువాల పనిశాలకి. ఆరేళ్ళు చిప్ప కోశాను. మేం పదకొండు మందిమి ఆడపిల్లలం. బీరువా మీద మేస్త్రీ పేరే ఉండేది."

"మరి నాకెప్పుడూ..."

"పెళ్ళి కుదిరినప్పుడు మీ నాయనమ్మ అంది, కూలికెళ్ళిన పిల్లవని నలుగురికీ తెలియనివ్వొద్దని. సరేనన్నాను. మీ నాన్నక్కూడా చెప్పలేదు."

నారే మెడ తిప్పిన కొంగ మీద వేలు పెట్టింది. "మరి ఇది?"

మల్‌సున్ పెదవుల మీద సన్నటి నవ్వు కదిలింది. "అది నా తప్పు. మెడ ముక్క తిరగేసి కోశాను. చిప్ప దండగ చేస్తే మేస్త్రీ ఇంటికి పంపేస్తాడు. భయపడి అలాగే అంటించేశాను. ఆయన చాలాసేపు చూసి, ఉండనీ అన్నాడు. వంకర కొంగ ఉందని ఆ బీరువా రెండేళ్ళు అమ్ముడుపోలేదు. మీ అన్న పుట్టిన ఏడాది మీ నాన్న పడవ దిగి ఇంటికొస్తూ, అంగడిలో ఇదే కొన్నాడు. 'చూడవే, ఈ కొంగ ఇంటివైపు చూస్తోంది, నాలాగే' అన్నాడు. నేనేం చెప్పను? గుమ్మంలో నిలబడి ఏడ్చాను. సంతోషంతో అనుకున్నాడు."

నారే కళ్ళు నిండిపోయాయి. "ఇన్నాళ్ళూ నా పని తిట్టావే..."

"తిట్టక? నా కూతురు కూడా నా చేతులే తెచ్చుకుంటే?"

"ఊళ్ళో బీరువాలన్నీ ఎవరు చేశారని అడిగాను. మా అమ్మని ఒక్కమాటా అడగలేదు." నారే తల్లి ఒడిలో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. మల్‌సున్ కూతురి జుట్టులోని చెక్క పొట్టు ఒక్కొక్కటే ఏరింది.

కాసేపటికి నారే తడి గుడ్డతో పెన్సిలు గీత తుడిచేసింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తలుపు మళ్ళీ బిగించారు. మల్‌సున్ మాత్రం పైకి వెళ్ళలేదు. బల్ల మీది సన్నరంపం తీసి, తీగ బిగువు వేలితో మీటి చూసింది.

"ఇంత వదులుగా పెడితే ఏం తెగుతుందే?"

పిడి తిప్పి బిగించి, పల్చటి చిప్ప ముక్క ఒకటి ఏరుకుని కొంగ కాలు కొయ్యబోయింది. మొదటిది విరిగింది. రెండోదీ విరిగింది. మూడోదాని దగ్గర ఊపిరి బిగబట్టింది.

"అమ్మా, మోకాలి దగ్గర మణికట్టు తిప్పుతావా, చిప్ప తిప్పుతావా?"

"చిప్పే. ఇలా. ఏడుపు ఆపి ఆ దీపం ఇటు జరుపు. కంటికి ఆనడం లేదు."