రెండో చెవి

మా ఇల్లు మారికుప్పం లైన్లలో ఉంది. బంగారు గని నడిచిన రోజుల్లో కూలీల కోసం వరసగా కట్టిన ఇళ్లు అవి. ఒక గది, వెనక ఒక మనిషి మాత్రమే నిలబడగలిగే వంటిల్లు, పైన రేకులు, ముందు ఒకటే తలుపు. మేం కిటికీ అని గొప్పగా చెప్పుకునేది గోడ పైభాగాన జానెడు కంత. మా తాత పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చి ఈ ఇంట్లో దిగాడు. మా నాయన రామకృష్ణప్ప ఇక్కడే పుట్టి, గని మూసేదాకా డ్రిల్లింగ్ మిషన్ పట్టి, రెండు చెవులూ సగం సగం పోగొట్టుకున్నాడు. నేను అర్పితను. రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి ఏడాది పాటు ఒక కంపెనీలో పని చేశాను. వాళ్లు పొమ్మన్నారు, వచ్చి ఇంట్లో కూర్చున్నాను.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఓర్పు కూడా లేదు. అమ్మ నన్ను 'ఉడుకు నీళ్ల చెంబు' అంటుంది.

అప్పుడే 'నేలకింద' అనే ప్రోగ్రామ్‌లో చేరాను. బేతమంగళలో లెక్కల మాస్టరు మోహన్ మొదలుపెట్టాడు దాన్ని. పాత గని పటాలు చూసి, మా ఊరి కింద ఏ సొరంగం ఎటు పోతుందో, దాని పైన ఎవరి ఇల్లు ఉందో కంప్యూటర్‌లో గీయడం పని. ఇల్లు కట్టుకునేవాడికి తన కాళ్ల కింద మట్టి ఉందో గుల్ల ఉందో తెలియాలి కదా. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కాబట్టి అంతా బహిరంగం. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరికీ జీతం లేదు. "జీతం లేకుండా షిఫ్టు చేసేవాళ్లని నిన్నే చూసినా" అని మా నాయన ఎగతాళి.

దానికి గట్టి నియమం ఒకటే. ఎవరి పనిని వాళ్లే ఒప్పుకోకూడదు. ఒకరు గీస్తే ఇంకొకరు చూసి, 'చూశాను, సరే' అని పెట్టాలి. అప్పుడే అది పటంలో చేరుతుంది.

బెంగళూరులో ఒక కంపెనీ నన్ను ఉద్యోగానికి పిలిచింది. ఇలాంటి ప్రాజెక్టులో నా మార్పులు యాభై ఇంకొకరు ఒప్పుకుని ఉండాలని షరతు పెట్టింది. గడువు నేను చెప్పబోయే రోజు సాయంత్రం ఐదు గంటలు. నావి నలభై తొమ్మిది అయ్యాయి. ఆ ఒక్కటీ పడితే మళ్లీ రైలు, మళ్లీ జీతం. లేకపోతే ఈ గది, ఈ నాలుగు గోడలు. నాకు ఆ గది మీద ఎంత విసుగు పుట్టిందో చెప్పలేను.

మిగిలింది హార్లీ షాఫ్ట్ అనే నిలువు బావిలో ముప్పై ఎనిమిదో లెవెల్, అంటే పైనుంచి ముప్పై ఎనిమిదో అంతస్తు సొరంగాలు. పాత పటంలో అక్కడ ఒక సొరంగం అంచులు చూపే రెండు గీతలూ కలవకుండా ఆగిపోయి ఉన్నాయి. గోడ ఉందని లేదు, దారి ఉందని లేదు. ఆ కొనలు రెండూ కలవకపోతే ప్రోగ్రామ్ ఒప్పుకోదు, ఎర్ర గుర్తు చూపిస్తూ ఉంటుంది. మధ్యాహ్నం మా నాయన రాగి సంగటి తింటుంటే అడిగాను.

"నాయనా, ఈడ గోడ కట్టేసినారా?"

"నాకేం తెలుసమ్మా, ఆ లెవెల్‌కి నేను దిగలేదు." ముద్ద మింగి మళ్లీ అన్నాడు. "పాడైన సొరంగం మూసేటప్పుడు ఊరికే కట్టరు గోడ. సమ్మెటతో మూడు దెబ్బలు కొట్టి, ఇద్దురు చెవి పెట్టి వినాల. లోపల్నించి జవాబు దెబ్బ ఏమీ రాలేదని ఇద్దురూ చెప్పినంక మొదటి రాయి పెట్టేది. ఒక చెవి చెవి కాదు."

"నీకుండేదే అర చెవి కదా, ఎట్ల వింటా ఉంటివి?"

"పలుగు ఒక కొన రాయికి ఆనించి, ఇంగో కొన పండ్లతో కరుచుకుంటా ఉంటిమి. చెవుడు చెవికే గాని ఎముకకి కాదు కదమ్మా." నవ్వి, గొడుగు తీసుకుని, బీపీ మాత్రల కోసం రాబర్ట్‌సన్‌పేట పోయాడు. అమ్మ ముందురోజే బూదికోటలో వాళ్ల అక్క ఇంటికి పోయింది, పట్టుగూళ్లు విడిపించడానికి.

నాలుగయింది. నేను గోడ ఉన్నట్టు ఆ రెండు కొనల మధ్య చిటికెన వేలంత గీత గీశాను. ఎర్ర గుర్తు పోయింది. మోహన్‌కు పంపించాను. జవాబు లేదు. మూడు సార్లు ఫోన్ చేశాను. బడిలో ఉంటే ఎత్తడు. నాలుగుంబావు అయింది... నాలుగున్నర అయింది.

అప్పుడు చేశాను ఆ పని. నాగరత్న అని మా అమ్మ పేరుతో కొత్త ఖాతా తెరిచాను. దాంట్లోంచి 'చూశాను, సరే' అని పెట్టాను. గీత పటంలో చేరింది. యాభై! నాకు సిగ్గు వేయలేదు. సంతోషంతో లేచి ఒక చుట్టు తిరిగాను కూడా.

వాన మొదలైంది. కరెంటు పోయింది. రేకుల మీద చప్పుడుకు చెవులు గింగురుమన్నాయి. గదిలో ల్యాప్‌టాప్ వెలుగు ఒక్కటే మిగిలింది. ఆ వెలుగులో, నా గీత కింద ఎవరో రాసిన మాట కనిపించింది.

ఈశ్వరప్ప: అమ్మా, ఆ గోడ నువ్వు చూసినావా?

ఈ పేరుతో మా ప్రాజెక్టులో ఎవరూ లేరు. ఎవరో పెద్దాయన, పాత కార్మికుడు అయ్యుంటాడనుకున్నాను. 'పాత పటంలో ఉందండీ' అని రాశాను. అబద్ధమే. ఐదు దాటేదాకా నోరు మూయిస్తే చాలనిపించింది.

ఈశ్వరప్ప: పటంలో లేదు. నేను ఈ పక్క నుంచి చూస్తా ఉండాను. ఇంతకు ముందు ఈడ దారి ఉండె.

నాకు కోపం వచ్చింది. ఆటపట్టించడానికి నేనే దొరికానా? 'ఏ పక్క నుంచి?' అని రాశాను.

ఈశ్వరప్ప: మేము ఐదుమంది ఉండాము.

అంతే. కాసేపటికి అతని పేరు మీద కొత్త మార్పు ఒకటి వచ్చింది. తెరిచాను. అది నేల కింద పటం కాదు, పైన ఇళ్ల పటం. మారికుప్పం లైన్లు. ఏడో వరస. మా ఇల్లు. తలుపు ఉండాల్సిన చోట చిటికెన వేలంత గీత.

కింద రాసి ఉంది: మూసే ఉండాది. నేను చూసినాను.

దాని కింద ఇంకో పేరు. నాగరత్న: చూశాను, సరే.

ఆ ఖాతా నాది. నేను అందులో వేలు పెట్టలేదు.

వాన చప్పుడు ఆగిపోయింది. తగ్గుతూ తగ్గుతూ ఆగలేదు, ఒక్కసారిగా ఆగింది. గదిలో ఎంత నిశ్శబ్దమంటే, నా గుటక నాకే వినిపించింది.

లేచి తలుపు దగ్గరకు పోయాను. గొళ్లెం తీశాను. లాగాను. రాలేదు. వానకు చెక్క ఉబ్బిందనుకుని రెండు చేతులతో లాగాను. కదల్లేదు. అరచేత్తో కొట్టాను. చెక్క మీద కొడితే డబడబమనాలి. ఇది అనలేదు. వెనక ఖాళీ లేనట్టు, కొండను కొట్టినట్టు మొద్దుగా ఉంది చప్పుడు.

పైకి చూశాను. కంత కనిపించలేదు. చీకటిలో గోడ మాత్రమే ఉంది.

ఉక్క మొదలైంది. మా నాయన చెప్పే ఉక్క అది. లోతుకు పోయేకొద్దీ రాయే కాగుతుందని, చొక్కా పిండితే నీళ్లు కారేవని చెప్పేవాడు. నా వీపు మీద చెమట ధార కట్టింది. తడి రాయి వాసన... పేల్చిన మందు వాసన... దాంట్లో కలిసి ఎన్నో రోజులుగా స్నానం లేని మనుషుల వాసన.

ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. ల్యాప్‌టాప్‌లో ఏ పేజీ తెరుచుకోలేదు, ఆ ఒక్క పేజీ తప్ప. రెండు గీతలూ చెరిపేసి పంపించాను. నియమం నియమమే. 'ఇంకొకరు చూడాలి' అని చూపించింది. నాగరత్న ఖాతాలోకి పోబోయాను. పోనివ్వలేదు.

భయంతో ఏడుపు వచ్చింది. ఉద్యోగం, యాభై... ఏదీ గుర్తు రాలేదు. అందరికీ కనిపించేలా రాశాను: నాగరత్న నేనే. ఆ గోడ నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. తప్పు నాది. నన్ను వదలండి.

పంపించగానే జవాబు వచ్చింది.

ఈశ్వరప్ప: ఇప్పుడన్నా విను.

వంటింట్లోంచి రోకలి తెచ్చాను. నేల మీద మూడు దెబ్బలు కొట్టాను. బోర్లా పడుకుని చెవి ఆనించాను. బండ వెచ్చగా ఉంది.

ఒక దెబ్బ... ఆగి ఇంకొకటి... మూడు... నాలుగు... ఐదు. ఒక్కోటి ఒక్కో చోట నుంచి. ఐదోది నా చెంప కిందే.

అరిచాను. లేచి తెర దగ్గరకు పాకాను. 'విన్నాను, ఉన్నారు, లోపల మనుషులు ఉన్నారు' అని రాశాను.

ఈశ్వరప్ప: ఒక చెవి చెవి కాదు. ఇంగొకరు?

ఇంకొకరు ఎక్కడినుంచి వస్తారు? గోడలకేసి కొట్టుకున్నాను. పక్కింటి కదిరప్పను పిలిచాను, అమ్మను పిలిచాను. నా అరుపు ఈ గది దాటి పోవడం లేదని నాకే తెలుస్తోంది. గాలి చాలడం లేదు. నోరు తెరిచి పీలుస్తున్నాను.

అప్పుడు తలుపు అవతల... మూడు దెబ్బలు.

తర్వాత ఇనుము దేనికో ఆనిన చిన్న చప్పుడు. మా నాయన! వసారాలో పడి ఉండే పలుగు తీసి, ఒక కొన తలుపుకు ఆనించి, ఇంకో కొన పండ్లతో కరుచుకుని ఉంటాడు. రోకలెత్తి నా బలమంతా పెట్టి తలుపు మీద కొట్టాను. నేను ఆపగానే నా వెనకాల నేలలోంచి కూడా దెబ్బలు వచ్చాయి. ఐదు.

చాలా దూరం నుంచి మా నాయన గొంతు: "ఉండారు! లోపల ఉండారు!"

తెర మీద రెండు గీతలూ పోయాయి.

తలుపు సడలింది. కిర్రుమని లోపలికి తెరుచుకుంది. వాన చప్పుడు, వెలుతురు, తడి మట్టి వాసన ఒక్కసారిగా మీద పడ్డాయి. గడప అవతల మా నాయన నిలబడి ఉన్నాడు. పలుగు చేతిలోనే ఉంది. నేను పరిగెత్తబోయాను.

నా భుజం రాసుకుంటూ ఏదో ముందుకు పోయింది. వేడిగా, తడిగా. కంటికి ఏమీ కనిపించలేదు. మా నాయన పక్కకు జరిగి గోడకు అతుక్కుని నిలబడ్డాడు, షిఫ్టు దిగి పైకి వచ్చేవాళ్లకు దారి ఇచ్చినట్టు. ఆయన పెదాలు కదులుతున్నాయి.

"ఒకటి..."

మళ్లీ ఒక వేడి గాలి. "రెండు... మూడు..."

నాలుగోది నా జడకు తగిలి పోయింది. ఐదోది కుంటుతూ పోయింది, ఆ అడుగు ఈడ్చే చప్పుడు విన్నాను. అయిపోయింది, అందరూ పోయారు. ఊపిరి పీల్చుకున్నాను. ఎవరో తెలియని ఆ ఐదుగురి మీద నిజంగా జాలి కలిగింది. ఇక నేను గడప దాటాలి, అంతే.

"ఆరు" అన్నాడు మా నాయన.

నేనింకా గది మధ్యలోనే ఉన్నాను.

మా నాయన ముఖం విప్పారింది. వీధి వైపు తిరిగి, వానలో నాకు కనిపించని ఎవరి తలో నిమిరినట్టు చెయ్యి కదిపాడు. "వచ్చేసినావా తల్లీ..." అన్నాడు. తర్వాత గదిలోకి చూశాడు. నన్ను చూశాడు. ఆ చూపు నేను పుట్టి పెరిగాక ఎప్పుడూ చూడలేదు. దారిన పోయే మనిషిని చూసే చూపు.

"నాయనా..."

"ఎవురమ్మా నువ్వు?" గుసగుసగా అడిగాడు. "ఇంగా ఎవురూ ఉండకూడదే లోపల."

"నేనే నాయనా. అర్పితను."

"నా బిడ్డ బయటికొచ్చేసింది." ఆయన వీధి వైపు చూపించాడు. "నువ్వు చెప్తే చాలదమ్మా. ఇంగెవురన్నా చూసినారా నిన్ను?"

ఎవరి పేరు చెప్పను?

వీధిలోంచి ఎవరో ఆయన్ని పిలిచారు. చెవుడున్న మనిషి కదా, అలవాటుగా కొంచెం గట్టిగా పిలిచారు. "నాయనా, వానలో నానతా ఉండావు. తలుపేసి రా."

ఆ గొంతు నాది.

మా నాయన "వస్తా ఉండానమ్మా" అని చెప్పి, బయటి గొళ్లెం కోసం చెయ్యి చాపాడు.