సుంకం దొర చెయ్యి

జార్జి టౌన్ సందులో కోదండరాం అచ్చులు చెక్కేవాడు. పొద్దస్తమానం కూర్చుంటే ఒకటో రెండో రబ్బరు స్టాంపుల పని వచ్చేది, అంతే. చేతిలో పనితనం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన బతుకంతా ఆ కుడిచేతిలోనే ఉంది.

అందుకే పాత నాణేలమ్మే ముఖేష్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. బొటనవేలంత సీసం బిళ్ళ ఒకటి చూపించాడు. వెయ్యేళ్ల కిందటి బైజాంటియం రాజ్యానిదట. ఆ కాలపు అధికారులు ఉత్తరానికి దారం కట్టి, దాని మీద సీసం బిళ్ళ పెట్టి, పటకారులాంటి ఇనుప అచ్చుతో నొక్కేవాళ్లట. బిళ్ళ మీద, "ప్రభూ, నీ దాసుడు, సుంకం అధికారి నికితాస్‌కు సాయపడు" అని ఉంది.

"పాపం, సాయపడలేదు," అని ముఖేష్ నవ్వాడు. ఎవడో నికితాస్ పేరుతో దొంగముద్ర కొట్టి ఓడలకొద్దీ సరుకు దాటించాడు. ముద్ర నాది కాదు మొర్రో అని ఆయన మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. కుడిచెయ్యి నరికేశారు.

ఇలాంటివే కొన్ని కొట్టివ్వమన్నాడు ముఖేష్, పాతవని చెప్పి అమ్ముకోవడానికి. కోదండరాం సరేనన్నాడు. నరికిన చేతి కథ వినీ సరేనన్నాడు, అదీ ఆయన ధైర్యం!

అలాంటి పటకారు అచ్చే ఒకటి చేసి, నొక్కడానికి పిడి పెట్టాడు. వాన పట్టిన సాయంత్రం. కరెంటు పోయింది. కొట్టు నిండా కరిగిన సీసం వాసన, తడిసిన గోనెసంచుల వాసన. పంకజం లోపల దీపం వెలిగించి, ఇంకో దీపం తెచ్చి భర్త ముందు పెట్టింది.

"బిళ్ళ జారిపోతా ఉండాదే. నేను పట్టుకుంటా, నువ్వు పిడి నొక్కు. ఒక చెయ్యి వెయ్యి."

"దొంగముద్రకి నేను చెయ్యి వెయ్యను."

"పోనీలే. ఆ సుంకం దొరే వచ్చి ఒక చెయ్యి వేస్తాడు!"

"అయ్యో, అట్లా అనబాకండి! దీపాలు పెట్టే వేళ. తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు."

కోపంగా లోపలికి వెళ్లిపోయింది. ఆయన నవ్వుకుంటూ కుడిచేత్తో బిళ్ళను అచ్చులో పట్టుకున్నాడు. ఎడమచెయ్యి ఇంకా పిడి దాకా పోలేదు...

పిడి దానంతటదే దిగింది.

సీసం వాసన పోయింది. తడిసిన గొంగళి కంపు. దాని వెనకే సముద్రపు నాచు కంపు. బల్లకు అవతల ఎవరో నిలబడి ఉన్నారు. దీపం వెలుగు నడుము దాకానే అందుతోంది. పొడుగాటి కుడి చొక్కాచెయ్యి ఒకటి పిడి మీద ఆనుకుని ఉంది. దాని అంచులోంచి వేళ్లు కనబడాల్సిన చోట... ఏమీ లేదు.

"నాది కాదన్నాను..." అని గుసగుస. ఏ భాషో తెలియదు. కానీ అర్థమైంది. "నువ్వే కదా... చెయ్యి వెయ్యమన్నావు..."

ఆ ఖాళీ చొక్కాచెయ్యి ముందుకు సాగింది. కోదండరాం కుడిచేతిని ఏదో గట్టిగా పట్టుకుంది. చల్లగా... మంచుగడ్డలా.

కేక విని పంకజం పరిగెత్తుకొచ్చింది. కొట్టులో భర్త తప్ప ఎవరూ లేరు. ఆయన గుప్పిలి బిగిసిపోయి ఉంది. ఇద్దరూ లాగినా ఒక్క వేలూ కదల్లేదు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిల్మును చాలాసేపు చూసి, పంకజాన్ని పక్కకు పిలిచాడు.

"తీసేటప్పుడు ఆయన చెయ్యి ఎవరైనా పట్టుకుని ఉన్నారా అమ్మా?"

"లేదు సార్. నేను బయటే ఉండా."

ఫిల్ములో కోదండరాం గుప్పిటి చుట్టూ ఇంకో చేతి వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. ఆ చెయ్యి మణికట్టు దగ్గర తెగి ఉంది.

తెల్లారేసరికి గుప్పిలి దానంతటదే విడిపోయింది. కోదండరాం వేళ్లు ఆడించి చూసుకున్నాడు. పెన్ను పట్టి తన పేరు రాశాడు. అక్షరం వంకర పోలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ముద్రలు ఇక చచ్చినా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి చిరాగ్గా గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, గొంతు మీద నుంచి చెయ్యి తియ్యి. ఊపిరాడ్డం లేదు."

పంకజం గదికి ఆ చివర, దేవుడి పటం ముందు, రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.