గాజు బీరువాలో మాస్కు

"ఫ్యాక్టరీల చట్టం చదివావా, ముక్తార్?"

చీఫ్ అడిగిన మొదటి ప్రశ్న అది. రివాల్వర్ గురించో, పాస్‌పోర్ట్ గురించో అడుగుతాడనుకున్న ఏజెంట్ ముక్తార్ లేదన్నట్టు తలూపాడు. చీఫ్ టేబుల్ మీదుగా ఒక లావుపాటి పుస్తకం, ఒక ఫొటో అతని ముందుకు తోశాడు. ఫొటోలో ఉన్నది వాల్టర్ అనే విదేశీ ఇంజనీరు. బోధన్ దగ్గర, ఎడపల్లి దారిలో ఉన్న స్పిరిట్ ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చాడు. చెరుకు మడ్డిని పులియబెట్టి తీసే ఆ స్పిరిట్ సైన్యం అవసరాలకు వెళ్తుంది. వాల్టర్ వచ్చింది బిగించడానికి కాదు, పేల్చడానికని ఢిల్లీకి కబురు అందింది.

"ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌గా వెళ్లు. ఆ పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ. నువ్వెవరని అడిగేవాడు ఉండడు."

ఖాళీ కుర్చీని మించిన మారువేషం లేదు. అది 1966, చెరుకు గానుగలు తిరిగే చలికాలం. రైలు నిజామాబాద్ చేరేలోపు ముక్తార్ చట్టాన్ని బట్టీ పట్టాడు. ప్రమాదకరమైన గాలి ఉండే చోటికి మాస్కు, నడుముకు తాడు, పైన కాపలా మనిషి లేకుండా ఎవరూ దిగరాదు. ఆ ముక్క అతనికి తప్పు లేకుండా వచ్చేసింది. మన దేశంలో చట్టాలు బట్టీ పట్టినవాళ్లకు కొదవ లేదు, కొరతంతా చూసేవాళ్లకే.

బస్టాండులో నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో నిలబడ్డ అమ్మాయి పక్కకు వెళ్లి అతను కోడ్ చెప్పాడు.

"బాల్కొండ బస్సు పోయిందా?"

"పోయింది. కందకుర్తి బస్సు ఉంది. నది దాకా పోతది."

ఆమె సాలేహా. బోధన్‌లో గాజులమ్మే రబియా కూతురు, వాల్టర్ దగ్గర స్టెనో. ముక్తార్ డిపార్ట్‌మెంట్ రహస్యాలు తెచ్చిపెట్టే మనిషని వాల్టర్ ముఠా ఆమెకు జీతం ఇస్తోంది. వాళ్ల రహస్యాలు ఆమె డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తోంది. రెండు పడవల మీద కాలు పెట్టి, జడ కూడా చెదరకుండా నడిచే మనిషి.

మొదటి రోజు ముక్తార్ ఫ్యాక్టరీలో ప్రతి గొట్టం ముందు ఆగాడు, ప్రతి మెట్టూ తొక్కి చూశాడు. సాయంత్రం సాలేహా నవ్వింది. "సాబ్, ఇన్‌స్పెక్టర్ అంటే చాయ్ తాగి పోయెటోడు. మీరు గింత శ్రద్ధగ చూస్తే వాల్టర్‌కు అనుమానమొస్తది."

సలహా బాగుందనిపించింది. మర్నాడు మేనేజరు అతన్ని ఆఫీసులోని గాజు బీరువా దగ్గరికి తీసుకెళ్లి, లోపలున్న గ్యాస్ మాస్కును గర్వంగా చూపించాడు. దసరా ఆయుధపూజకు పెట్టిన కుంకుమ బొట్లు ఇంకా దాని మీద ఉన్నాయి. బీరువాకు తాళం ఉంది. ముక్తార్ "బాగుంది" అన్నాడు. అతని చూపు కిటికీ అవతల ట్యాంకుల దగ్గర తచ్చాడుతున్న వాల్టర్ మీద ఉంది. పెన్నులో దాచిన కెమెరా నొక్కాడు, చాయ్ తాగాడు, వచ్చేశాడు.

మూడు వారాలు గడిచాయి. సాలేహా కార్బన్ కాగితాల మీద మిగిలిన అచ్చులు తెచ్చేది, అతను ట్రంకాల్‌లో ఢిల్లీకి చెప్పేవాడు. పని మాటలు అయిపోయాక కూడా ఇద్దరూ లేచేవాళ్లు కారు. ఒకరోజు ఆమె, తిరిగి వెళ్లేముందు తమ ఇంట్లో భోజనానికి రావాలంది. "మా అమ్మకు మీరు ఇన్‌స్పెక్టరనే చెప్పిన. అబద్ధమైనా ఇజ్జత్ ఉన్న నౌకరి." ముక్తార్ సరేనన్నాడు. అంత సంతోషంగా అతను ఏ అసైన్‌మెంట్‌కూ సరేనని ఉండడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. వాల్టర్ టైంబాంబు పెట్టేశాడు. స్పిరిట్ గోదాము గోడను ఆనుకున్న మూడో ట్యాంకులో, అడుగున. ముందురోజే ఖాళీ చేసిన ట్యాంకు అది. షిఫ్టు మారే సైరన్‌కు పేలుతుంది. అప్పుడు రెండు షిఫ్టుల జనమూ గేటు దగ్గరే ఉంటారు. వాల్టర్ జీపెక్కుతున్నాడు.

"మీరు ఆణ్ణి పట్టుకోండ్రి. నేను ట్యాంకు కాడ ఉంట."

ముక్తార్ జీపు వెనక పడ్డాడు. టైరు కాల్చాడు, చెరుకు బండ్ల నడుమ వాల్టర్‌ను కిందపడేశాడు, చేతులకు బేడీలు వేసి గేటు కాపలా పోలీసుకు అప్పగించాడు. వర్ణించడానికి ఇంకా చాలా ఉంది, కానీ ఈ కథ అది కాదు.

అతను తిరిగి వచ్చేసరికి సాలేహా ట్యాంకు దగ్గర లేదు, లోపల ఉంది. సైరన్‌కు టైం దగ్గరపడిందని ఆగకుండా నిచ్చెన దిగింది. తీగలు తెగిన గడియారాన్ని పైకెత్తి చూపించి "అయిపోయింది" అంది. నిచ్చెన పట్టుకోబోయి, ఎందుకో కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగింది.

ట్యాంకు ఖాళీగా కనబడిందే తప్ప ఖాళీగా లేదు. మడ్డి పులిసినప్పుడు పుట్టే బొగ్గుపులుసు గాలి అడుగున నిండి ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూత దగ్గర దిగవద్దన్న బోర్డు కూడా లేదు.

ట్యాంకులు కడిగే హన్మాండ్లు, వెంట ముగ్గురు, అప్పటికే నిచ్చెన మీద చేతులు వేశారు. ఎవరైనా పడిపోతే చూస్తూ నిలబడటం ఆ ఊళ్ల మనుషులకు తెలియదు. ఒకడి కోసం ఇంకొకడు దిగుతాడు, అతని కోసం మరొకడు. ముక్తార్ రివాల్వర్ తీసి మూతకు అడ్డం నిలబడ్డాడు.

"దిగినోడు పైకి రాడు. ముందుకొస్తే కాలుస్త."

"ఆడివిల్ల సారూ," అన్నాడు హన్మాండ్లు. "గిట్ల ఇడిసిపెడ్తమా?"

ముక్తార్ మూత దగ్గర్నుంచి కదలకుండానే గాలి పంపు, తాడు తెమ్మని ఇద్దరిని, మాస్కు తెమ్మని ఒకణ్ణి తరిమాడు. మేనేజరు హైదరాబాద్‌లో, తాళంచెవి మేనేజరు జేబులో. అద్దం పగలగొట్టి మాస్కు తెచ్చారు. ముక్తార్ దాన్ని ముఖానికి లాక్కోబోతే రబ్బరు ఎండిన రొట్టెలా పెళుసుగా విరిగి చేతికొచ్చింది. కుంకుమ మాత్రం చెక్కుచెదరలేదు. అతని పెన్నులో కెమెరా ఉంది, వాచీలో వైర్‌లెస్ ఉంది. ఊపిరి పీల్చుకునే సాధనం ఒక్కటీ లేదు.

పంపుతో లోపలికి గాలి కొట్టి, నడుముకు తాడు కట్టుకొని చివరికి అతనే దిగాడు. ఆమెను భుజాన వేసుకొని పైకి తెచ్చాడు. అప్పుడే సైరన్ మోగింది. ఒక షిఫ్టు ఇంటికి, ఒక షిఫ్టు పనికి, ఎప్పటిలాగే కదిలాయి. సాలేహా మాత్రం కదల్లేదు. ముక్తార్ ఆ ఆవరణలో, అందరి ముందూ, కూర్చుని ఏడ్చాడు.

మరునాడు రబియా ఇంటికి వెళ్లాడు. ఆమె గాజుల పెట్టె మూసే ఉంది.

"ఇన్‌స్పెక్టర్ సాబ్ అంటే మీరేనా?" అంది. "అంతమంది మగోళ్లున్నరట. ఒక్కడు దిగలేదా?"

"దిగబోయిండ్రు. నేనే ఆపిన, అమ్మా."

"ఎందరిని?"

"నలుగురిని."

 ఆమె లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. "నలుగురు తల్లులు," అంది, ఎవరికీ కాదన్నట్టు. అతను ఆ నీళ్లు తాగలేకపోయాడు.

అక్కణ్నుంచి ముక్తార్ నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఈసారి చాయ్ తాగలేదు. ప్రతి ట్యాంకుకూ సీలు వేశాడు. కొత్త మాస్కులు, తాళ్లు వచ్చేదాకా, ప్రతి మూత దగ్గరా తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టేదాకా పని నడవరాదని ఆర్డరు రాసి సంతకం పెట్టాడు. హైదరాబాద్ నుంచి ఉరికొచ్చిన మేనేజరు బొంబాయికి మాస్కుల కోసం తంతి కొట్టించాడు. ఇల్లు కాలాక బావి తవ్వడమే, నిజమే. కానీ ఆ వీధిలో ఇంకా ఇళ్లున్నాయి.

సాయంత్రం చీఫ్ ట్రంకాల్ చేశాడు. ఢిల్లీ మెచ్చుకుంది, మిషన్ సక్సెస్, వెంటనే బయల్దేరమన్నాడు. ఆర్డరు సంగతి అప్పుడే విన్నట్టున్నాడు.

"ముక్తార్, నీ ఇన్‌స్పెక్టర్ కార్డు మనం అచ్చేసిన దొంగ కార్డు. ఆ ఆర్డరు చెల్లదు."

"తెలుసు సార్," అన్నాడు ముక్తార్. "కానీ నాలుగేళ్లలో ఈ ఫ్యాక్టరీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ని నేనొక్కణ్ణే. మీరు ఎవరికీ చెప్పకండి."