నిద్ర పట్టని మత్తు డాక్టరు

ఆ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకి ఒంట్లో బాగాలేకపోతే చూపించుకునే చోటు లిఫ్టు. చీటీ రాయించుకోవడం, బెంచీ మీద కూర్చోవడం రోగులు చేసే పనులని అక్కడివాళ్ళ నమ్మకం. కిందినుంచి పైకి వెళ్ళేలోపు ఎముకల డాక్టరు అకౌంటెంటు మోకాలు నొక్కి చూసేవాడు. కళ్ళ డాక్టరమ్మ వాచ్‌మన్ రెప్ప ఎత్తి చూసి చుక్కలమందు పేరు చెప్పేది. పళ్ళ డాక్టరైతే ఈ బాధ పడలేక మెట్లెక్కడం మొదలుపెట్టాడు, పాపం.

అందుకే మత్తు డాక్టరు కూడా తన కష్టం చెప్పుకోవడానికి లిఫ్టునే నమ్ముకుంది.

ఆపరేషన్‌కి ముందు మనిషిని నిద్రపుచ్చడం ఆమె పని. ఆమె మందు ఎక్కిస్తూ "మీ ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పండి" అంటే, ఎంతటివాడైనా రెండో పేరు దగ్గర గుర్రు పెట్టాల్సిందే. అలాంటి మనిషికి కొంతకాలంగా నిద్ర లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

జరిగింది ఇదీ. ఒక ఆపరేషన్ మధ్యలో ఒకాయనకి ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. ఆమె క్షణాల్లో సర్దింది. ఆయన లేచి నవ్వుతూ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం ఆ క్షణాల్లోనే ఉండిపోయింది. అప్పటినుంచి థియేటర్ తలుపు చూస్తే గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడిసిపోతాయి, సరిచూసిన గొట్టాలనే మళ్ళీ మళ్ళీ సరిచూస్తుంది.

ఎవరికైనా చెబుదామంటే భయం. "మేడమ్‌కి ఏదో తేడా అట" అనే మాట థియేటర్లో పుడితే క్యాంటీన్ చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వస్తాయి. మత్తిచ్చే మనిషి మీద నమ్మకం పోయాక ఇక ఆ పని ఎవరిస్తారు? ఆ పనంటే ఆమెకి ప్రాణం.

చెప్పుకోదగ్గ మనిషి ఒక్కడే కనిపించాడు. మానసిక వైద్య విభాగంలో చేరిన కుర్ర డాక్టరు. కొందరు చాటున పిచ్చి డాక్టరనేవాళ్ళు. "అంత పొగడకండి, మనసు డాక్టరంటే చాలు" అని అతనే నవ్వేవాడు. క్యాంటీన్‌లో భోజనం దగ్గర ఇద్దరికీ రోజూ కీచులాటే.

"మీరు అదృష్టవంతులు. మీ పేషెంట్లు మీకు ఎదురు చెప్పరు" అనేవాడు అతను.

"మీ పేషెంట్లు మాట్లాడుతుంటే మీరే నిద్రపోతారట కదా, ఇంక నేనెందుకు ఈ ఆసుపత్రికి?" అనేది ఆమె.

ఆ రోజు లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. ఆమె గొంతు సవరించుకుంది.

"డాక్టరుగారూ, ఒక చిన్నమాట."

"పెద్దదైనా ఫర్లేదు. ఈ లిఫ్టుకి తొందరెక్కువ లేదు."

"నాకు నిద్ర పట్టడం లేదు. థియేటర్ అంటే గుండె దడగా ఉంటోంది. మీరేమైనా మందు..."

అతని మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది. ఇక చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"నాకు చెప్పకండి. మీకు నేను వైద్యం చెయ్యను."

"చెయ్యలేరా, చెయ్యరా?"

"చెయ్యను. మా విభాగం పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళండి. చీటీ రాయించుకుని, కుర్చీలో కూర్చుని, తీరిగ్గా చెప్పుకోండి. లిఫ్టులో తేలే సంగతి కాదిది."

తలుపు తెరుచుకుంది. ఆమె విసురుగా దిగిపోయింది. దిగాక చూస్తే అది పిల్లల వార్డు, ఆమెకి అక్కడ ఏ పనీ లేదు. ఎవరో పాప బెలూన్ చూపిస్తే చూసి, బాగుందని చెప్పి, మెట్లెక్కి వెళ్ళింది. అకౌంటెంటు మోకాలికున్న పాటి విలువ నా గుండెకి లేదా అని ఒళ్ళు మండిపోయింది. కోపం కంటే సిగ్గు ఎక్కువ బాధించింది.

మర్నాటినుంచి భోజనం వేళ మార్చేసింది. అతను క్యాంటీన్ గుమ్మంలో కనిపిస్తే ఆమె వంటింటి వైపు తలుపులోంచి బయటపడేది. అలిగిందని అతనికి తెలుసు. పలకరించబోయేవాడు. ఆమె ఫోన్ రాకపోయినా చెవి దగ్గర పెట్టుకునేది.

అలిగితే నిద్ర వస్తుందా, రాలేదు. చివరికి పంతం పక్కన పెట్టి పెద్ద మేడమ్ కోసం చీటీ రాయించుకుంది. తీరా వెళ్తే ఆ గది ముందు బెంచీ నడవ మధ్యలో ఉంది, వచ్చేపోయేవాళ్ళంతా చూసేలా. పక్కనే చర్మవ్యాధుల విభాగం. ఆమె టోపీ కిందికి లాక్కుని, మాస్కు పైకి లాక్కుని, చర్మం బెంచీ చివర కూర్చుంది. పక్కన అంతకంటే గట్టిగా ముసుగు బిగించుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆ కనుబొమలు ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. థియేటర్లో ఆయన అరుపుకి సూదులు కూడా వణికేవి. అందరూ ఉరుముల సార్ అని పిలిచే సర్జన్.

"సార్, మీరా?"

"నేను కాదు" అన్నాడు సర్జన్ ముసుగులోంచి.

"చర్మం కోసం వచ్చారా సార్?"

"కోపం కోసం. మా ఆవిడ ఆర్డరు. నేను కత్తెర విసిరానని ఎవరో ఇంటికి మోశారు."

"ఈమధ్య విసరడం లేదుగా సార్."

"మరి ఇక్కడ ఊరికే కూర్చుంటున్నానా? ఇంతకీ నీకేం?"

"నిద్ర సార్. భయం కూడా."

ఆయన ఆమె వైపు కొంచెం జరిగాడు. తర్వాత ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో అన్నాడు, "నేను నిన్ను చూళ్ళేదు, నువ్వు నన్ను చూళ్ళేదు. కానీ లోపల మాత్రం ఏదీ దాచకు. దాచి నేను చాలా సమయం పాడుచేసుకున్నాను."

ఆమె దాచలేదు. పెద్ద మేడమ్ గడియారం వైపు చూడకుండా అంతా విన్నది. ఏడుపొస్తే ఏడవనిచ్చింది. కొన్నాళ్ళపాటు వాడమని ఒక చిన్న మాత్ర రాసింది, ఊపిరి నెమ్మదిగా తీసుకునే పద్ధతి నేర్పింది, ముందు తేలిక కేసులతో మొదలుపెట్టమంది. వారం వారం ఆ గదికి వెళ్తూ ఉంటే, ఎప్పుడు మానేసిందో తెలియకుండానే ఆమె చర్మం బెంచీ మీద కూర్చోవడం మానేసింది. తన బెంచీ మీదే దర్జాగా కూర్చునేది. నిద్ర కూడా దారి గుర్తొచ్చినట్టు తిరిగి వచ్చింది.

ఒకరోజు లేచి వస్తూ అడిగింది. "మేడమ్, ఆయన నన్నెందుకు కాదన్నారు?"

పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "పని రాని డాక్టరు కాదంటాడు, తీరిక లేని డాక్టరు కాదంటాడు. అతనికి పనీ వచ్చు, తీరికా ఉంది. మిగిలింది నన్నడిగితే ఏం లాభం?"

ఆమె పాత వేళకే క్యాంటీన్‌కి వెళ్ళింది. బయట వాన వస్తానని ఒకసారి, రానని ఒకసారి బెట్టు చేస్తోంది. అతను ఆమెని చూసి గ్లాసు దించి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. ఆ రోజు ఎందుకు కాదన్నారో చెప్పండి."

"మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. సొంతవాళ్ళకి వైద్యం చెయ్యకూడదు. ప్రేమ అడ్డం వచ్చి చూపు చెడుతుంది."

"నేను మీకెప్పుడు సొంతమయ్యాను?"

"మీరు కాలేదు. నేను అనుకున్నాను" అన్నాడు అతను, చెవులు ఎర్రబడుతుంటే. "మీరు భయమన్నారు, నాకు వెంటనే మీకంటే ఎక్కువ భయమేసింది. అలాంటివాడు వైద్యం ఏం చేస్తాడు? పైగా ఒకసారి మీ డాక్టర్నయితే ఈ మాట ఇక జన్మలో మీకు చెప్పకూడదు. కారణం చెప్పి పంపాల్సింది. నోరు రాలేదు."

వాన ఒక నిర్ణయానికొచ్చి గట్టిగా మొదలైంది. ఆమెకి చాలా సంతోషమేసింది, అంత సంతోషాన్ని వెంటనే నమ్మబుద్ధి కాలేదు.

"ముందు నా కాళ్ళ మీద నన్ను నిలబడనివ్వండి. తర్వాత చెబుతాను" అంది.

"తొందరేం లేదు. కీచులాట మాత్రం రేపటినుంచే మొదలుపెడదాం. తిన్నది అరగడం లేదు."

అన్నట్టే ఆమె తన కాళ్ళ మీద నిలబడింది. పెద్ద కేసులు మళ్ళీ చేతికొచ్చాయి. అరచేతులు పొడిగా ఉండేవి. సరిగ్గా అప్పుడే మనసు డాక్టరు వాళ్ళమ్మకి పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. ఆపరేషన్ ఉరుముల సార్, మత్తు ఆమె. "ఇంకేం, మేడమ్ చెయ్యి పడితే దిగులే లేదు" అన్నారు సిస్టర్లు.

ముందురోజు పేషెంటుని చూసి మాట్లాడాలి కాబట్టి ఆమె వార్డుకి వెళ్ళింది. ఆ తల్లి మంచం మీద జరిగి చోటిచ్చింది.

"క్యాంటీన్ అమ్మాయివి నువ్వేనా? మావాడు ఫోన్‌లో ఏం తిన్నాడో చెప్పడు గాని, నువ్వేమన్నావో అంతా చెబుతాడు."

ఆమె నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ చేతిని వదల్లేదు. ఈవిడకి ఏమైనా అయితే అనుకోగానే ఆమె గుండె ఝల్లుమంది. పాత భయం ఆమెకి బాగా తెలుసు, ఇది అది కాదు.

మర్నాడు పొద్దున థియేటర్ ముందు గదిలో అందరూ ఉన్నారు. తల్లి స్ట్రెచర్ మీద, కొడుకు పక్కన.

"సార్, ఈ కేసు నేను చెయ్యను. మా సీనియర్‌కి చెప్పి వచ్చాను, ఆయన లోపల సిద్ధంగా ఉన్నారు" అంది ఆమె.

ఒక సిస్టర్ ఇంకో సిస్టర్ వైపు చూసింది. మళ్ళీ మొదలైంది కాబోలు అన్న చూపు. ఇన్నాళ్ళూ ఆమె భయపడింది ఆ చూపుకే. జ్వరమని ఒక అబద్ధం ఆడొచ్చు. లేదా నోరు మూసుకుని కేసు చేసేసి అందరి నోళ్ళూ మూయించొచ్చు. మనసు డాక్టరు తెల్లబోయి ఆమెనే చూస్తున్నాడు.

"భయమేస్తోందా అమ్మా?" అన్నాడు సర్జన్ మెల్లగా.

"లేదు సార్. దీని తర్వాత కేసు నేనే చేస్తాను, ఆ తర్వాతదీ నేనే. ఇదొక్కటే చెయ్యకూడదు. సొంతవాళ్ళకి మత్తివ్వకూడదు కదా సార్."

"సొంతవాళ్ళా? ఎవరికెవరు సొంతం?" కోపానికి చేయించిన వైద్యమంతా మరిచి ఉరిమాడాయన.

"ఈవిడ నాకు" అంది ఆమె. మనసు డాక్టరు కళ్ళలోకి చూసింది. "ఆయన వల్ల."

తల్లికి ముందు అర్థమైంది.

"మనుషుల మనసులు చదివేవాడివి, అలా నోరు తెరుచుకుని నిలబడతావేంట్రా? అమ్మాయి ఏదో చెబుతోంది."

"విన్నానమ్మా" అన్నాడు కొడుకు. "నేను ఎప్పుడో అడిగాను. ఇది జవాబు."

"నేను నిద్రపోకముందే చెప్పింది, మంచి పిల్ల." ఆవిడ చెయ్యి చాచింది. "చేతికున్న గాజులు కూడా తీయించారు సిస్టర్లు. ఈ చెయ్యి మాత్రం తలుపు దాకా పట్టుకోనివ్వండి."

సిస్టర్లు నవ్వారు. మళ్ళీ మొదలైందా అన్న చూపు ఎటు పోయిందో పోయింది. ఆమె తలుపు దాకా స్ట్రెచర్ వెంట నడిచి ఆగింది.

థియేటర్ బయట కుర్చీల్లో కూర్చోవడం ఆమెకి అదే మొదటిసారి. లోపల ఏం జరుగుతుందో వరసగా తెలుసు, అయినా కాలు నిలవలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీకు చెమటలు పడుతున్నాయి" అన్నాడు పక్కనుంచి అతను.

"భయంగా ఉంది. ఇది మామూలు భయమేలెండి, ఇక్కడ కూర్చున్న అందరికీ ఉండేదే."

"నాకు ఎక్కువే ఉంది" అని అతను ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఇద్దరి అరచేతులూ తడిగానే ఉన్నాయి.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఒక కొత్త సిస్టర్ తల బయటికి పెట్టి, కుర్చీల వైపు చూసింది.

"పేషెంటు లేచారు, బాగున్నారు. పేషెంటు తాలూకు ఎవరండీ?"

అతను లేవబోయేలోపే ఆమె లేచి నిలబడింది.

"నేనండీ" అంది.