చంపు లేని అష్టాచెమ్మా

నల్లా నీళ్లు వచ్చి పోయాయి గానీ సారలమ్మ బిందెలు సగం ఖాళీగానే ఉన్నాయి. ఆమె కొడుకు గది గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల జీవన్ కంప్యూటర్ ముందు పళ్లు నూరుతున్నాడు. ఉద్యోగం మానేసి, నాచారంలో స్నేహితుడితో కలిసి రెండేళ్లు తంటాలు పడి ఇంటర్నెట్‌లో అష్టాచెమ్మా ఆట తయారుచేశాడు. ఎక్కడెక్కడి వాళ్లో నలుగురేసి కలిసి ఆడతారు. వారం రోజులుగా ఆ ఆట మూలుగుతోంది.

"ఏమైంది కొడకా? పోలీసులు గిట వస్తరా?"

"పోలీసులెందుకొస్తరమ్మా. పాత ఆటగాళ్లు నా మీద పగబట్టిన్రు."

ఎదుటివాడి కాయను ఒక్కటైనా చంపితేనే లోపలి గళ్లలోకి పోవాలన్నది పాత నియమం. కొత్తవాళ్లు చంపలేక బయటే తిరిగి తిరిగి విసిగి, మళ్లీ రావడం లేదని పోయిన వారం జీవన్ దాన్ని తీసేశాడు. మొదటినుంచీ ఆడుతున్న మూడు వందల మంది మండిపడ్డారు. రోజూ ఆటలోకి వచ్చి, కాయ కదపకుండా కూర్చుంటున్నారు. వాళ్లతో జతపడ్డ కొత్తవాళ్లు ఎదురుచూసి వెళ్లిపోతున్నారు.

"వాళ్లను ఎగదోసేటోడు ఒకడున్నడు. పేరు చింతగింజ అట. పదకొండు వందల ఆటలు గెలిచిండు. పది గంటలకు వాని గెలుపులన్నీ తుడిచేస్త. కూసోని ఏడ్వాలె వాడు."

వంటింట్లోంచి జీవన్ అక్క కావ్య టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ వచ్చింది. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది.

"తుడువు," అంది నెమ్మదిగా. "చింతగింజను నేనే. నీకు ఆ పేరు చెప్పలే గంతే."

జీవన్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"ఒక్కింట్ల తినుకుంట నా ఆటను సంపుతున్నవా అక్కా?"

"సంపుడు తీసేసింది నువ్వు. డ్యూటీ చేసొచ్చి రెండేండ్లు నీ ఆటల తప్పులు ఎవరు ఏరిన్రు? మొదట్ల నీకు ఆడేటోళ్లెవరున్నరు, మేము గాక?"

"ఆట నాది. మీ మూడు వందల మంది కోసం తలుపులేసుకోవాల్నా?"

"ఏసుకోకు. మేము గట్లనే కూసుంటం. ఎన్ని రోజులైనా."

ఇద్దరి గొంతూ చల్లబడింది. అరుచుకున్నా బాగుండేది. రేపు ఒకరి పెళ్లికి ఒకరు రారేమో, తను పోయినా ఎడమొగం పెడమొగంగానే నిలబడతారేమో అనిపించింది సారలమ్మకు. చాక్‌పీసు తీసి హాల్లో నేల మీదే గళ్లు గీసింది. అరగదీసిన చింతగింజలు తెచ్చి మధ్యలో పోసింది.

"కూసోండి."

"అమ్మా, డ్యూటీకి..."

"కూసోమన్న." ఆమె జీవన్ వైపు తిరిగింది. "ఐదేండ్లప్పుడు నీకు సంపరాక రోజూ ఏడ్చేటోనివి. ఆ నియమం తీసేద్దామా బిడ్డా అని అక్కనడిగిన. అది ఒక రోజంతా మూతి ముడుచుకున్నది. తెల్లారి, తమ్మునికి తీసెయ్యి, నాకు మాత్రం ఉండనీ అన్నది. అట్ల పోయినవు నువ్వు లోపలికి. నేను అడిగిన. నువ్వు అడిగినవా?"

జీవన్ తల వంచుకున్నాడు. గోడ గడియారంలో పది దాటింది. అతను కంప్యూటర్ వైపు చూడలేదు.

"అడిగితే ఒప్పుకుందువా అక్కా?"

"కొత్తోళ్లకు ఒప్పుకుందు. మాకు ఉంచుమందు." కావ్య టిఫిన్ డబ్బా కింద పెట్టింది. "పేపర్ల చదివినట్టు తెలిసింది నాకు. గంత పరాయిదాన్నైననా?"

"నాకు తట్టలేదక్కా." అతను ఒక చింతగింజను వేళ్ల మధ్య తిప్పాడు. "మొదటి ఇరవై ఆటలు కొత్తోళ్లు సంపకుండనే పోతరు. ఆ తర్వాత అందరికీ పాత నియమమే. ఇరవై మాత్రం తగ్గించ."

"పది."

"ఇరవై. అది నా మాట."

కావ్య కళ్లు తుడుచుకుని గింజలు అందుకుంది. మూడో చుట్టులోనే తమ్ముడి కాయను కొట్టి బయటపడేసింది.

"ఇది నన్ను అడగనందుకు."

జీవన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అమ్మా, నేను సంపకుండ లోపలికి పోవచ్చా?"

సారలమ్మ కొంగుతో మొహం ఒత్తుకుంటూ కూతురి వైపు చూసింది.

"సంపి పో," అంది కావ్య. "నీకిప్పుడు ఇరవై ఆరేండ్లు."