కనుమలో కాఫీరోలు

మా ఎర్రకొండల్లో కాకుల కనుమ పేరెత్తితే ఒంటెలు కూడా మేత మానేస్తాయి. పొద్దుగూకాక ఆ ఇరుకులోంచి నడిస్తే, ఒక్కోసారి పైనెక్కడో కాఫీగింజలు దంచుతున్న చప్పుడు వినిపిస్తుంది. డుక్… టక్-టక్… డుక్… వెనకటి రాజులు కొండలో తొలిపించుకున్న సమాధి ఒకటుంది, అందులోంచి. అక్కడ మనిషీ ఉండడు, రోలూ ఉండదు.

మా మామగారు ఒకసారి విన్నారు. ఇంటికొచ్చేసరికి గడ్డం మొత్తం తెల్లబడిపోయింది. అప్పటికాయనకి గడ్డమే మొలవలేదనుకోండి, అది వేరే సంగతి.

మీరైతే పరుగు లంకించుకుంటారు. ఎడారిలో బతికే మా బెదూయిన్లకి ఆ వీలు లేదు. కాఫీ దంచే చప్పుడంటే మాకు పిలుపు. దారిన పోయేవాడు విని, విననట్టు వెళ్ళిపోయాడో — ఏడు తరాల పరువు ఇసుకలో కలిసినట్టే. పిలిచింది దెయ్యమైనా సరే.

అలా వెళ్ళినవాడు నా మేనల్లుడు అవ్వాద్. వాడు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. ఎక్కడైనా పలచగా ఉంటే కాస్త చిక్కబరిచాను, అంతే.

అవ్వాద్ గైడు. అమ్మాన్ పట్నం నుంచి బస్సులో వచ్చినవాళ్ళని పొద్దున సమాధుల మధ్యా, ఎండ తగ్గాక ఇసుకదిబ్బల మీదా తిప్పి, సాయంత్రానికి కాకుల కనుమ గుండా గుడారాలకి చేరుస్తాడు. కనుమ నడుమ అందర్నీ నిలబెట్టి రోజూ ఒకే పాఠం చెబుతాడు.

"గోడ వెంట ఈ నీటికాలవలు, ఈ సమాధులు తొలిపించిన నబతీయులు చెక్కినవి. ఇక్కడ ఉన్నట్టుండి వరదొస్తుంది. పోయిన చలికాలం ఒక గైడు తన గుంపుని ఈ సమాధి మెట్ల మీదికి నెట్టి, తను కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఇక ముందుకు నడవండి, రాళ్ళు జారతాయి."

ఆ గైడు వాడి తమ్ముడు నాయిఫ్. ఆ మాట మాత్రం చెప్పడు.

అవ్వాద్ ఏడవలేదు. తిన్నది ఉప్పో తీపో తెలియదు. పెనం మీది రొట్టెని వట్టి చేత్తో తీస్తాడు; బొబ్బలు కనబడితే గానీ కాలిందని తెలియదు. వాళ్ళమ్మ, అంటే మా వదిన, శవం చూడందే కొడుకు పోయాడని ఒప్పుకోదు. పొద్దున్నే అందరితోపాటు నాయిఫ్‌కీ కాఫీ పోసి పెడుతుంది. అది చల్లారాక అవ్వాద్ తీసుకెళ్ళి బయట ఒంపేస్తాడు. మర్నాడు మళ్ళీ పోస్తుంది. తమ్ముడు ఉన్నాడా, పోయాడా — అదొక్కటి తేలితే చాలు వాడికి.

ఆ సాయంత్రం పాఠం చెప్పడం అయింది. గుంపు కదలబోతోంది.

డుక్… టక్-టక్… డుక్…

"రాళ్ళు పడుతున్నాయా?" అంది మార్గిట్ అనే హంగేరీ ఆవిడ. కనబడిన ప్రతి రాయికీ ఫోటో తీస్తూ అందరికన్నా వెనక నడిచేది.

"కాదండీ. కాఫీకి పిలుస్తున్నారు."

"ఎవరు?"

"తెలీదు. మీరిలా కూర్చోండి. వెళ్ళకపోతే బాగుండదు."

అందరూ నవ్వారు. టూరులో ఇదీ ఒక వేడుకనుకున్నారు పాపం.

అవ్వాద్ మెట్లెక్కి సమాధిలోకి వంగాడు. నిప్పు లేదు, పొగ లేదు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. "సలాం" అన్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

చేతిలోకి… ఒక కప్పు వచ్చింది.

వాడు తాగలేదు. నేల మీద పెట్టాడు. అతిథి కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే, అడగాల్సిందేదో ఉందని మాలో గుర్తు.

"అడుగు" అంది చీకటి.

"మా తమ్ముణ్ణి ఇప్పించండి."

చెవి పక్కనే, గుసగుసగా — "తాగు. నువ్వొచ్చిన పని అయినట్టే."

తాగేశాడు.

వాడు చెబుతుంటే ఇక్కడ నేను ఆగలేకపోయాను. "ఓరి వెధవా, ఇంట్లో పెళ్ళాం ఏలకులు దంచి వేసిస్తే మూతి తిప్పుతావు, దెయ్యమిస్తే గుటుక్కున మింగావా?"

"నీ కాఫీ తాగి బతికినవాణ్ణి, అదెంతత్తా" అన్నాడు. మొహంలో నవ్వు లేదు.

వేడో చల్లనో కూడా తెలియలేదట. కప్పు తిరిగివ్వబోతే చేతిలో కప్పు లేదు. నేల తడిమితే మేకపెంటికలు తగిలాయి. బయటికొచ్చి మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. రాలేదని బాధా కలగలేదు. టార్చి వెలిగించి, గుంపుకి ముందు నడిచి, అందర్నీ కనుమ దాటించాడు.

గుడారాల వెలుగు కనబడింది. మార్గిట్ చిట్టచివర వచ్చింది, మోచెయ్యి రుద్దుకుంటూ.

"మీ రెండో గైడు రాలేదేం?"

"రెండో గైడు లేడండీ."

"లేకపోవడమేమిటి? నేను జారితే మోచెయ్యి పట్టుకుని ఆపాడు. చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఒంటి మీది బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం అచ్చం మీదే… కాస్త చిన్నవాడు."

ఆ కనుమలో చినుకు పడి నెలలయింది.

అవ్వాద్ వెనక్కి చూశాడు. చీకటి తప్ప ఏమీ లేదు.

"ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు. కనుమ చివర్లోనే నిలబడిపోయాడు. రమ్మని చెయ్యూపాను. రాలేదు. ఊరికే ఇలా చేశాడు."

ఆవిడ బొటనవేలూ రెండు వేళ్ళూ కలిపి, చిన్నదేదో పట్టుకున్నట్టుగా, చేతిని అటూ ఇటూ ఆడించి చూపింది.

"వీడ్కోలు చెప్పడమా?"

అవ్వాద్ ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడట. తర్వాత, నీటికాలవల సంగతి చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"కాదండీ. కాఫీ తాగినవాడు ఖాళీ కప్పుని అలా ఊపుతాడు… చాలు, ఇక నాకు పొయ్యొద్దు అని."